డ్రమ్ములో ఎన్ని లీటర్లు? కొలత మన చేతిలో ఉండాలి

(విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో వేట నిషేధ కాలంలో జరిగిన రైతు, మత్స్యకార కార్యకర్తల ఉమ్మడి తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా కుదించాం. - సం.)



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లవు. అందుకే ఇవాళ ఇంతమంది బోటు డ్రైవర్లు, కళాసీలు మనకు దొరికారు. పల్లెల నుంచి వచ్చిన రైతులు కూడా దుక్కులు మొదలయ్యే లోపు ఒక రోజు తీరిక చేసుకుని వచ్చారు. సముద్రం మీద బతికేవాళ్లకూ, నేల మీద బతికేవాళ్లకూ ఉమ్మడిగా ఉన్న కష్టం ఒకటుంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. అది కొలత.

మనం డీజిల్ కొంటాం, పురుగుమందు కొంటాం, నూనె కొంటాం. పాలు అమ్ముతాం, చేపలు అమ్ముతాం. ధర దగ్గర రూపాయి కోసం అరగంట బేరమాడతాం. కొలత దగ్గరకు వచ్చేసరికి డ్రమ్ము మీద రాసిన అంకెను చూసి తల ఊపేస్తాం. ధరలో పోయిన రూపాయి కంటికి కనిపిస్తుంది. కొలతలో పోయిన లీటరు కనిపించదు. మన పెద్దవాళ్లు "ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు" అనుకునేవారు. ఊరికో మానిక, కామందుకో కుంచం ఉన్న రోజులవి. 1956లో దేశమంతటికీ ఒకే కొలతల చట్టం వచ్చింది. మీటరు, కిలో, లీటరు అందరికీ ఒకటే అయ్యాయి. అయితే చట్టం కొలతను ఒకటి చేసిందే గానీ, కొలిచి చూసుకునే పని మన బదులు చెయ్యదు. ఆ పని మనమే చేసుకోవాలి. ఎలాగో ఈ డ్రమ్ముతో చూపిస్తాను.

ఒక టేపు, ఒక కర్ర, ఒక లెక్క

ఇదిగో, నా పక్కన ఖాళీ ఇనప డ్రమ్ము ఉంది. దీన్ని అందరం "200 లీటర్ల డ్రమ్ము" అంటాం. ఇందులో నిజంగా ఎన్ని లీటర్లు పడతాయి?

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పొడవు 10 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 10 ఉన్న పెట్టెలో పట్టేది ఒక లీటరు. అంటే వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు. ఇక డ్రమ్ము లెక్క ఇలా ఉంటుంది:

వ్యాసం × వ్యాసం × 0.7854 × ఎత్తు. వచ్చినదాన్ని 1000తో భాగిస్తే లీటర్లు.

వ్యాసం అంటే డ్రమ్ము లోపల ఈ అంచు నుంచి ఆ అంచుకు, సరిగ్గా నడిమధ్యగా పోయే అడ్డకొలత. 0.7854 ఎక్కడిదంటే, బళ్లో చదువుకున్న 'పై', అంటే 3.1416, దానిలో నాలుగో వంతు. ఆ 3.1416 మనకు కొత్తది కాదు. పదిహేను వందల ఏళ్ల కిందటే ఆర్యభటుడు 62,832ను 20,000తో భాగించమని చెప్పాడు. భాగించి చూడండి, అదే వస్తుంది.

ఈ డ్రమ్ము లోపలి వ్యాసం 57 సెంటీమీటర్లు. 57ను 57తో గుణిస్తే 3,249. దాన్ని 0.7854తో గుణిస్తే సుమారు 2,552. అంటే డ్రమ్ములో ఒక సెంటీమీటరు ఎత్తున ద్రవం ఉంటే అది 2,552 ఘన సెంటీమీటర్లు, అంటే 2.55 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. సెంటీమీటరుకు రెండున్నర లీటర్ల పైచిలుకు.

లోపలి ఎత్తు 85 సెంటీమీటర్లు. 2.552ను 85తో గుణిస్తే 217 లీటర్లు. చూశారా! 200 లీటర్ల డ్రమ్ము అని పిలుస్తున్నది అంచు దాకా పోస్తే 217 లీటర్లు పడుతుంది. ఆ ఖాళీ కావాలనే ఉంచుతారు. ఎండకు డీజిల్ వ్యాకోచిస్తుంది, దానికి చోటు కావాలి.

మరి ఇందులో 200 లీటర్లు ఎక్కడికి వస్తుంది? 200ను 2.552తో భాగిస్తే 78.4. అడుగు నుంచి 78.4 సెంటీమీటర్ల దగ్గర, అంటే అంచుకు ఆరున్నర సెంటీమీటర్ల కింద. అక్కడ పెయింటుతో గీత గీసుకోండి. "నిండా పోశాం", "నాలుగు వేళ్లు తక్కువ పోశాం" అనే మాటలతో ఇక పని లేదు. ఎవరి వేళ్లు ఎంత లావో మనకెందుకు? గీత చెబుతుంది.

ఇప్పుడు కర్ర ముంచారు, తడి 75 సెంటీమీటర్ల దగ్గర ఆగింది అనుకుందాం. 75ను 2.552తో గుణిస్తే 191.4. బిల్లు 200కు ఇచ్చారు. తగ్గింది 8.6 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకుంటే 817 రూపాయలు. పది డ్రమ్ములకు ఎనిమిది వేల పైన. బోటు డీజిల్‌కు మన రాష్ట్రంలో ఇచ్చే రాయితీని 2019లో లీటరుకు 9 రూపాయలు చేశారు. ఆ తొమ్మిది రూపాయల కోసం మనం ఎన్నిసార్లు కార్యాలయాల చుట్టూ తిరిగామో మీకు తెలుసు. 200 లీటర్లకు ఆ రాయితీ 1,800 రూపాయలు. అందులో దాదాపు సగం ఒక్క డ్రమ్ము కొలతలో జారిపోతే మనకు తెలియను కూడా తెలియదు.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. మొదటిసారి ఈ లెక్క నేర్చుకున్న ఉత్సాహంలో నేను ఒక అమ్మకందారు దగ్గరకు వెళ్లాను. పైమూత లేని డ్రమ్ము. టేపు అడ్డంగా పెట్టి కొలిస్తే 55 సెంటీమీటర్లు వచ్చింది. ద్రవం 78.4 దాకా ఉంది. లెక్క కడితే 186 లీటర్లు. "14 లీటర్లు కొట్టేశావు" అని పదిమందిలో కేకలేశాను. ఆయన ఏమీ అనలేదు. ముద్ర వేసిన 20 లీటర్ల కొలపాత్ర తెప్పించి, అందరి ముందూ డ్రమ్ములోది తోడి కొలిచాడు. సరిగ్గా పది పాత్రలు వచ్చింది.

తప్పు నాది. టేపు నడిమధ్యగా పోలేదు, ఒక పక్కకు జరిగింది. మధ్య నుంచి ఏడున్నర సెంటీమీటర్లు పక్కకు జరిగితే 57 కాస్తా 55గా కనిపిస్తుంది. వ్యాసాన్ని రెండుసార్లు గుణిస్తాం కాబట్టి తప్పు కూడా రెట్టింపవుతుంది. వ్యాసంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 200 లీటర్లలో ఏడు లీటర్లు అటో ఇటో అవుతుంది. ఆ రోజు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. సంఘం మనిషి తప్పుడు లెక్కతో నింద వేస్తే పోయేది ఆ ఒక్కడి పరువు కాదు, రేపు నిజమైన మోసం మీద మనం మాట్లాడినా ఎవరూ వినరు.

అందుకే అడ్డంగా కొలవడం కన్నా చుట్టూ కొలవడం మేలు. కుట్టుపని టేపు తీసుకుని డ్రమ్ము నడుము చుట్టూ, పొంగిన రింగుల మీద కాకుండా రింగుల మధ్య, బిగించి చుట్టండి. చుట్టుకొలతను దానితోనే గుణించి 12.57తో భాగించండి. ఈ డ్రమ్ముకు చుట్టూ 180 సెంటీమీటర్లు వచ్చింది. 180ని 180తో గుణిస్తే 32,400. 12.57తో భాగిస్తే 2,578. లోపలి కొలతతో వచ్చింది 2,552. ఒక శాతం తేడా. రేకు మందం కొంచెం కలిసింది కాబట్టి ఆ తేడా. ప్లాస్టిక్ డ్రమ్ములకు గోడ ఇంకా మందం. మందాన్ని కొలిచి, దానికి రెట్టింపు వ్యాసంలోంచి తీసెయ్యాలి.

అంగుళాలు, అడుగులు, గ్యాలన్లు

మన మేస్త్రీలు, వెల్డర్లు అంగుళాల్లోనే మాట్లాడతారు. తప్పేం లేదు. కానీ అంగుళాల నుంచి లీటర్లకు వచ్చేటప్పుడు ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. అంగుళం 2.54 సెంటీమీటర్లని అందరికీ తెలుసు. ఘన అంగుళాలు వచ్చాక దాన్ని ఒక్కసారి 2.54తో గుణిస్తారు. అది తప్పు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అంగుళాల్లో ఉన్నాయి. మూడుసార్లు గుణించాలి. అంటే 16.39. ఇదే డ్రమ్ము ఇరవై రెండున్నర అంగుళాల వ్యాసం, ముప్పై మూడున్నర అంగుళాల ఎత్తు అనుకుంటే 13,320 ఘన అంగుళాలు. 2.54తో ఒక్కసారి గుణిస్తే డ్రమ్ములో 34 లీటర్లే పడతాయని వస్తుంది! 16.39తో గుణిస్తే 218. సులువుగా కావాలంటే 61 ఘన అంగుళాలు ఒక లీటరు అని గుర్తుపెట్టుకోండి. ఘనపు అడుగు అయితే 28.3 లీటర్లు.

గ్యాలను కూడా రెండు రకాలు. బ్రిటిష్ వాళ్ల గ్యాలను 4.546 లీటర్లు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. ఈ ఇనప డ్రమ్ము అసలు కొలత 55 అమెరికా గ్యాలన్లు, అంటే 208 లీటర్లు. ఎవరైనా బ్రిటిష్ గ్యాలను లెక్కన 55 గ్యాలన్లని 250 లీటర్లు చూపిస్తే ఒప్పుకోకండి.

పడుకోబెట్టిన డ్రమ్ము

ఇది బోటు డ్రైవర్లు జాగ్రత్తగా వినాలి. నిలబెట్టిన డ్రమ్ములో సగం ఎత్తుకు సగం, పావు ఎత్తుకు పావు. పడుకోబెట్టిన డ్రమ్ములోనూ, పడుకున్న ట్యాంకర్‌లోనూ అలా కాదు. సగం ఎత్తుకు సగమే గానీ, అడుగున గుండ్రంగా సన్నబడుతుంది కాబట్టి కింద ఉన్నది తక్కువ. కర్ర మీద పావు ఎత్తు తడిస్తే ఉన్నది పావు కాదు, నూటికి పంతొమ్మిదిన్నర. 20 శాతం ఎత్తుకు 14 శాతం. 10 శాతం ఎత్తుకు 5 శాతమే.

57 సెంటీమీటర్ల డ్రమ్ము పడుకుని ఉంది, కర్ర మీద 11.4 సెంటీమీటర్లు తడిసింది. అయిదో వంతు ఎత్తు. "ఇంకా 40 లీటర్లు ఉంది" అనుకుంటాం. ఉన్నది 28. గంటకు 15 లీటర్లు తాగే ఇంజన్ అనుకుంటే ఆ 12 లీటర్లు ముప్పావు గంట ప్రయాణం. ఒడ్డున ఇది డబ్బు లెక్క. నడిసముద్రంలో, గాలి మారిన రాత్రి, ప్రాణం లెక్క.

లెక్క తప్పితే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన కథ ఒకటుంది. 1983 జులైలో కెనడాలో ఎయిర్ కెనడా వాళ్ల బోయింగ్ 767 విమానం 69 మందితో బయలుదేరింది. ఇంధనం చూపే మీటరు పనిచెయ్యకపోతే, మనం కర్ర ముంచినట్టే కొలిచారు. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోలు చెయ్యడానికి సుమారు 0.8తో గుణించాలి. వాళ్లు అలవాటు కొద్దీ 1.77తో గుణించారు. అది లీటర్లను పౌండ్లు చేసే అంకె. దాంతో కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండా విమానం పైకి లేచింది. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దిగింది, ఎవరూ చనిపోలేదు. అంత పెద్ద చదువులు చదివిన వాళ్లు, అన్ని యంత్రాలు ఉన్నవాళ్లు తప్పింది లీటరుకూ కిలోకూ మధ్య ఉన్న ఆ చిన్న గుణకారం దగ్గరే.

తూకంతో రెండో సాక్ష్యం

ఆ గుణకారాన్నే మనకు పనికొచ్చేలా వాడుకుందాం. హార్బర్‌లో చేపలు తూచే కాటాలు ఉన్నాయి కదా. డీజిల్ లీటరు బరువు సుమారు 0.82 నుంచి 0.84 కిలోలు. 200 లీటర్లు 164 నుంచి 168 కిలోలు. ఖాళీ డ్రమ్మును ముందే తూచి, ఆ బరువు డ్రమ్ము మీద రాసి ఉంచుకోండి. నిండిన డ్రమ్ము బరువులోంచి దాన్ని తీసేస్తే డీజిల్ బరువు. టేపు చెప్పిందీ కాటా చెప్పిందీ కలిస్తే అప్పుడు మాట్లాడండి.

పాలు పోసే అక్కలకు కూడా ఇది పనికొస్తుంది. పాలు నీళ్లకన్నా కొంచెం బరువు. లీటరు సుమారు 1.03 కిలోలు. 40 లీటర్ల పాలు 41 కిలోల పైన తూగాలి. కేంద్రంలో కిలోల్లో తూచి లీటర్లలో రాస్తున్నారా, లీటర్లలో కొలిచి కిలోల్లో రాస్తున్నారా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

పొలం దగ్గర

రైతులకు రెండు లెక్కలు. మొదటిది మందు డ్రమ్ము. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు అని డబ్బా మీద ఉంటుంది. డ్రమ్ము 200 లీటర్లనుకుని 400 మిల్లీలీటర్లు కలుపుతాం. ఆ ప్లాస్టిక్ డ్రమ్ము వ్యాసం 50, ఎత్తు 80 సెంటీమీటర్లు అయితే అందులో పట్టేది 157 లీటర్లే. లీటరుకు రెండు కాదు, రెండున్నర మిల్లీలీటర్ల పైన పడింది. మందు డబ్బు పావు వంతు దండగ, పైగా ఆకు మాడుతుంది. జీవామృతం కలిపే డ్రమ్ములకూ ఇదే లెక్క.

రెండోది బావి. 20 అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి బావిలో 10 అడుగుల నీరుంది. 20 × 20 × 0.7854 × 10, అంటే 3,142 ఘనపు అడుగులు. 28.3తో గుణిస్తే సుమారు 89 వేల లీటర్లు. చాలా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఎకరం మొత్తానికి 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి. ఊట రాకపోతే ఆ బావి అర ఎకరానికి కూడా ఒక తడి ఇవ్వలేదు. పంట వేసే ముందు వేసుకోవలసిన లెక్క ఇది. ఎండిపోయాక వేసుకుంటే లాభం లేదు.

ఎంత తేడాకు గొడవ పడాలి?

పెట్రోలు బంకు పంపు 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ ఉండవచ్చని నిబంధన. అంటే 200 లీటర్లకు ఒక లీటరు. బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అనుమానం వస్తే దానితో కొలిచి చూపించమని అడగడం మన హక్కు. ఎండ వేడికి కూడా కొంత తేడా వస్తుంది. 200 లీటర్ల డీజిల్ పది డిగ్రీలు చల్లబడితే లీటరున్నర పైన తగ్గుతుంది. అది ఎవరూ దొంగిలించింది కాదు. ఇక మన టేపు కొలతలో ఒకటి రెండు శాతం పొరపాటు ఉంటుంది. కాబట్టి నాలుగైదు లీటర్ల లోపు తేడాకు గొంతు పెంచకండి, కొలపాత్రతో మళ్లీ చూడండి. ఎనిమిది, పది లీటర్లు తగ్గితే, కాటా కూడా అదే చెబితే, వదలకండి. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తూనికలు కొలతల శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఒక హెచ్చరిక. 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోవడం మన కళ్లతో చూశాం. డీజిల్ కొలిచేటప్పుడు చెక్క కర్రే వాడండి. బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు దగ్గరలో ఉండకూడదు. ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదమే, లోపల ఆవిరి ఉంటుంది.

సభలో అడిగినవి

ఒక అక్క అడిగింది: "మాస్టారూ, మా చేపల టబ్బు పైన వెడల్పు, కింద సన్నం. దానికెలా?"

సగం ఎత్తు దగ్గర వ్యాసం తీసుకో అక్కా. పైన 60, కింద 50 ఉంటే మధ్యలో 55. ఎత్తు 30 అయితే 71 లీటర్లు. పెద్ద సూత్రంతో కట్టినా 71న్నరే వస్తుంది. కానీ చేపను టబ్బు లెక్కన అమ్మకు. చేపల మధ్య ఎంత ఖాళీ ఉందో ఏ లెక్కా చెప్పలేదు. చేపనూ, ఐసునూ తూకంతోనే చూసుకో.

ఒక బోటు డ్రైవరు అడిగాడు: "మా ట్యాంకు గుండ్రం కాదు, పెట్టెలా ఉంటుంది. అడుగు వంపుగా ఉంది."

అయితే లెక్కకన్నా పోసి చూడడం మంచిది తమ్ముడూ. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, బోటు నిలకడగా ఉన్నప్పుడు, ముద్ర ఉన్న 20 లీటర్ల పాత్రతో పోస్తూ ప్రతిసారీ కర్ర మీద గీత గీసుకో. ఒక పూట పని. తర్వాత ఆ కర్ర నీకు ఎప్పుడూ అబద్ధం చెప్పదు. కాకపోతే ఆ కర్ర ఆ ట్యాంకుకే. పక్క బోటుకు అప్పివ్వకు.

మనం చెయ్యవలసినవి

నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి శాఖా ముద్ర వేయించిన 20 లీటర్ల కొలపాత్ర ఒకటి కొనాలి, ఎవరికి కావాలన్నా ఇవ్వాలి. రెండు, ప్రతి డ్రమ్ము మీద 50, 100, 150, 200 లీటర్ల దగ్గర పెయింటు గీతలు, ఖాళీ బరువు రాయాలి. ఈ కొలత డ్రమ్ముకు ఆ గీతలు 19.6, 39.2, 58.8, 78.4 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి. మూడు, కొన్న ప్రతిసారీ తేదీ, బిల్లు లీటర్లు, మనం కొలిచిన లీటర్లు ఒక పుస్తకంలో పక్కపక్కన రాయాలి. ఒక్కరి ఫిర్యాదును పొరపాటు అని కొట్టెయ్యవచ్చు, యాభై మంది ఆరు నెలలు రాసిన పుస్తకాన్ని కొట్టెయ్యలేరు. నాలుగు, తూనికలు కొలతల అధికారులు ఏడాదికొకసారి ఈ హార్బర్‌లోనూ, మన మండలాల్లోనూ శిబిరం పెట్టి పాత్రలు, కాటాలు సరిచూడాలని సంఘం తరఫున అడగాలి.

జూన్ 15 ఉదయం బోట్లు మళ్లీ కదులుతాయి. ఆ లోపు ఈ జెట్టీ మీద గీత లేని డ్రమ్ము ఉండకూడదు. పెయింటు డబ్బా, టేపు నేను తెచ్చాను. టీ తాగాక ఈ డ్రమ్ముతోనే మొదలుపెడదాం.